మేనల్లుణ్ణి రోహిణిలో పుట్టించిన వాచీ

నాకు తొమ్మిది వాచీలున్నాయి. ఇంతవరకూ ఒక్క చోటికీ వేళకు వెళ్ళిన పాపాన పోలేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి, "టైము విలువ తెలియని వెధవా" అన్నారు. తెలియకే చదువు మానేశాను. తెలిశాక అదే టైముని డబ్బు పోసి కొని చేతికి కట్టుకుని తిరుగుతున్నాను. మాస్టారు ఎక్కడైనా కనిపిస్తే కూర్చోబెట్టి ఒక్కో వాచీ ధరా చెప్పాలని ఉంది. మా ఆవిడకి చెప్పిన ధర కాదు, అసలు ధర.

చేపల మేత కొట్లో కూర్చుని వచ్చినవాళ్ళకి నేను చెప్పే కబుర్లు ఇలాగే ఉంటాయి. నవ్వించి రెండు బస్తాలు ఎక్కువ అమ్ముకోవడం నా వ్యాపారం. ఇప్పుడు రాస్తున్నది మాత్రం కొట్లో చెప్పుకునే కబురు కాదు. మా ఇంట్లో అందరికీ తెలిసిందే, కొత్తగా బయటపెట్టేదేం లేదు. అయినా తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ముందు క్రోనోగ్రాఫ్ అంటే ఏమిటో చెప్పాలి. మామూలు వాచీ టైము చెప్పి ఊరుకుంటుంది. క్రోనోగ్రాఫ్ అలా ఊరుకోదు. పక్కనున్న మీట నొక్కితే అక్కణ్ణుంచి ఎంతసేపు గడిచిందో కూడా కొలుస్తుంది. పెద్ద డయలు లోపల చిన్న చిన్న డయళ్ళుంటాయి. బ్యాటరీ ఉండదు. అంతా స్ప్రింగులూ పళ్ళచక్రాలే. చెయ్యి ఆడుతున్నంతసేపూ తనకు తనే కీ ఇచ్చుకుంటుంది. వెనక వైపు అద్దం. తిప్పి చూస్తే లోపల ఒక బుల్లి చక్రం పిట్ట గుండెలా కొట్టుకుంటూ ఉంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం ఎంత అరుదో ఏలూరులో ఎవర్నడిగినా చెబుతారు.

అలాంటిది కొన్నాక ఏదో ఒకటి కొలవకుండా ఉండలేం. తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో రైలు గేటు పడితే అందరూ హారను నొక్కుతారు, నేను మీట నొక్కేవాణ్ణి. ఇడ్లీ వాయ దిగడం కొలిచాను. కొల్లేట్లో దోనె ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరడం కొలిచాను. మా ఆవిడ "ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నానండీ" అంటే అదీ కొలిచి, ఆ సాయంత్రం అన్నం లేకుండా పడుకున్నాను. ఎవరైనా ఫోను తీసి టైము చూసుకుంటే నాకు ఒళ్ళు మండేది. "ఫోను మాట్లాడుకోడానికండీ. టైము చూసుకోడానికి వాచీ ఉంది" అని చెయ్యి చాపేవాణ్ణి. చెయ్యి చాపితే ఎదుటివాడు ఆ వాచీ చూడాలి, చూస్తే అడగాలి, అడిగితే నేను చెప్పాలి. అసలు విషయం అదే. టైము ఎవరికి కావాలి.

నాకో చెల్లెలుంది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. నాన్న పోయేనాటికి దానికి ఊహ తెలియదు. వట్లూరులో కాలేజీకి స్కూటరు మీద నేనే దింపి, నేనే తెచ్చేవాణ్ణి. మా ఇంటికి రావలసిన చదువంతా దానికే వచ్చింది, నాకు రావలసిన బుద్ధితో సహా. తాడేపల్లిగూడెం సంబంధం చేశాం. బావగారిది ఉల్లిపాయల టోకు వ్యాపారం. ఊరందరికీ కన్నీళ్ళు తెప్పిస్తారు గాని ఆయన నోట్లోంచి మాట తెప్పించడం కష్టం.

పెళ్ళైన చాలా ఏళ్ళకి గాని చెల్లెలు నెల తప్పలేదు. ఆ ఏళ్ళన్నీ అది ఎన్ని గుళ్ళు తిరిగిందో, ఎన్ని మాటలు పడిందో మాకు పూర్తిగా చెప్పలేదు. పురిటికి ఏలూరు వచ్చాక ఒకరోజు నా చేతి వాచీని వేలితో తడుతూ అంది, "అన్నయ్యా, పుట్టగానే అమ్మ తర్వాత నువ్వే ఎత్తుకోవాలి. ఆ చేత్తో కాదు. ఇది బిడ్డకి గుచ్చుకుంటుంది." నేను వాచీ విప్పుతానని మాటిచ్చాను.

విప్పలేదు. నొప్పులు మొదలై ఆసుపత్రికి తీసుకెళ్ళిన పొద్దున, తలగడ పక్కన ఫోను మీదున్న వాచీ, అన్నిటికంటే మంచిది, తీసి కట్టుకున్నాను. జాతకానికి పుట్టిన టైము సరిగ్గా కావాలి కదా. మేనల్లుడి పుట్టుకకు మా ఇంట్లో ఇంతకంటే గొప్ప సాక్షి ఎవరున్నారనుకున్నాను.

కాన్పు గది బయట మేం ఇద్దరమే, అమ్మా నేనూ. బావగారు కారులో దారిలో ఉన్నారు. లోపల్నుంచి కేర్‌మని వినపడింది. అమ్మ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. నేను టైము చూశాను. పది గంటల నలభై ఎనిమిది నిమిషాలు.

కాసేపటికి నర్సు తలుపు తీసింది. "బాబండీ. పది నలభై ఒకటికి పుట్టాడు."

"నలభై ఎనిమిదండీ సిస్టర్ గారూ" అన్నాను.

"ఫోనులో చూసే రాశానండీ."

"ఫోను సంగతి నాకెందుకండీ. మీ గోడ గడియారానికి కూడా బ్యాటరీ అయిపోయుంటుంది, చూసుకోండి" అని చెయ్యి చాపాను.

ఆవిడ నా చేతి వంక చూడలేదు. "తల్లీ బిడ్డా కులాసాగా ఉన్నారండీ. ముందు అది వినండి" అని లోపలికి వెళ్ళింది.

నేను వరండా చివరికి నడిచి పంతులుగారికి ఫోను చేశాను. ఆయన పంచాంగం తిరగేస్తున్న చప్పుడు వినపడుతోంది. ఈలోగా నర్సు బిడ్డని పొత్తిగుడ్డల్లో చుట్టి తెచ్చి అమ్మ చేతికిచ్చింది. "ఒరేయ్, ఇలా రారా" అని అమ్మ పిలిచింది. నేను వెనక్కి తిరక్కుండానే ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాను.

"కృత్తిక పది నలభై అయిదుతో సరండి. తర్వాత రోహిణి" అన్నారు పంతులుగారు. "మీరు చెప్పిన టైము ఖాయమేనా బాబూ? మూడు నిమిషాల్లో ఉందండి వ్యవహారం."

"పంచాంగమైనా తప్పుతుందేమో గానండీ, నా వాచీ తప్పదు."

"అయితే రోహిణి ఒకటో పాదం. మేనమామకి మంచిది కాదండి." ఆయన గొంతు తగ్గింది. "మీరు బిడ్డ మొహం చూశారా?"

"ఇంకా లేదండి."

"చూడకండి. మళ్ళీ రోహిణి వచ్చిన రోజున శాంతి చేయించి, నూనెలో చూపించాకే చూడాలి. అందాకా ఒక కప్పు కింద ఉండకండి."

అలా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడిపోయాను, ఎనిమిదో తరగతిలో నిలబెట్టినట్టు. వెనక నుంచి అమ్మ, "అచ్చం నీ నుదురేరా" అంటోంది. సంగతి చెప్పాను. అమ్మ బిడ్డని పమిట చాటుకి లాక్కుంది. నర్సు రాసిన టైము ప్రకారమైతే కృత్తికే కదా అన్న మాట అమ్మకి తట్టిందట. కానీ అడగలేదు. పదేళ్ళుగా ఆ వాచీల గొప్ప వింటున్న మనిషి, ఆవిడకి నా వాచీ అంటే దేవుడి గదిలో దీపంతో సమానం.

అమ్మ బిక్కమొహం వేసింది. అలాంటప్పుడు ఏదో ఒకటి అని నవ్వించకపోతే నాకు ఊపిరాడదు. "రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయి. రోహిణి నక్షత్రానికి మేనమామలు పగులుతారు. ఏముందే, రోలుకీ నాకూ పెద్ద తేడా లేదు" అని గది తలుపు దగ్గర నిలబడి చెల్లెలికి వినపడేలా అన్నాను.

లోపల్నుంచి ఏడుపు వినపడింది. ఈసారి బిడ్డది కాదు.

ఆ సాయంత్రం రెండు జతల బట్టలు తీసుకుని కొల్లేటి వైపు పోయాను. అక్కడ మేం కౌలుకి తీసుకున్న చేపల చెరువుంది, గట్టు మీద రేకుల షెడ్డుంది. మేత బస్తాల మధ్య నవారు మంచం వేసుకుని మకాం పెట్టాను. చేతికి ఆ ఒక్క వాచీయే. మిగతావి ఇంట్లో పెట్టెలో ఉండిపోయాయి. సొంత ఇంట్లోంచి నక్షత్రం వెళ్ళగొట్టిన మనిషిని చూద్దామని గట్ల మీద వాళ్ళందరూ వచ్చిపోయేవారు. "ఏవండీ, దేవుడే ఆ నక్షత్రంలో పుట్టి మేనమామని ఏం చేశాడో మీకు తెలియంది కాదు" అని ధైర్యం చెప్పేవారు.

వీడియోలో చూపించవచ్చా అని మా ఆవిడ పంతులుగారిని అడిగింది. "శాస్త్రంలో ఫోను లేదమ్మా. లేదు కాబట్టి చూడమనీ లేదు, వద్దనీ లేదు" అన్నారట. చెల్లెలు వద్దంది. అక్కడితో ఆగలేదు. బంధువులెవరూ బాబు ఫోటో స్టేటస్‌లో పెట్టకూడదని ఒట్టు వేయించుకుంది. మా కుటుంబం గ్రూపులోకి వచ్చే ప్రతి ఫోటోలోనూ వాడి మొహం మీద ఒక బంతిపువ్వు బొమ్మ అంటించేది. బంతిపువ్వు స్నానం చేసేది, బంతిపువ్వు ఉయ్యాల్లో పడుకునేది. బంతిపువ్వుకి కాళ్ళూ చేతులూ మొలిచినట్టుండేవాడు నా మేనల్లుడు. నేను నవ్వు బొమ్మలు పంపేవాణ్ణి.

ఒకరోజు తెల్లారగట్ల, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు వేయడానికి పెట్టుకున్న అలారం మోగింది. ఫోను ఐదంటోంది. చేతి వాచీ చూస్తే ఐదూ పావు దాటింది. నిద్రమత్తు అనుకుని మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చూశాను. చెరువు కాపలా పెద్దాయన ఫోను అడిగి చూశాను. అదీ నా ఫోను మాటే అంది.

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసింది. ఈ వాచీల పిచ్చిలో మొట్టమొదట నేర్చుకునే సంగతే అది. వాచీకి అయస్కాంతం పడితే ముందుకు పరిగెడుతుంది. నా ఫోను కవరు మూతకి అయస్కాంతం ఉంది. చెల్లెలు పురిటికి వచ్చినప్పటి నుంచి, ఎప్పుడు పిలుపొస్తుందోనని ఆ వాచీని రోజూ ఫోను మీదే పెట్టి పడుకున్నాను. ఫోనులో దిక్సూచి తెరిచి వాచీ దగ్గర పెట్టాను. ముల్లు గిర్రున తిరిగింది. అంటే ఆసుపత్రిలోనూ అది ముందే ఉంది. ఏడు నిమిషాలు. నర్సు రాసిందే నిజం. వాడు కృత్తికలో పుట్టాడు.

అప్పుడు నాకు మొదట ఏమనిపించిందో రాయాలి. "హమ్మయ్య, వాచీ పాడవలేదు, ఇది నయమయ్యేదే" అనిపించింది. చెల్లెలు గుర్తొచ్చింది ఆ తర్వాత.

అయస్కాంతం వదిలించే చిన్న మిషను ఇంట్లో ఉంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసుకుని పెరటి దారిన నా గదిలోకి వెళ్ళాను. మీట నొక్కి వాచీని దాని మీద నుంచి తిప్పి తీశాను, జబ్బు వదిలింది. ఫోను చూసి టైము సరిచేశాను. పన్లో పనిగా పెట్టెలో నిద్రపోతున్న మిగతా వాటికి కూడా కీ ఇచ్చి టైము పెట్టాను. ఇవన్నీ అయ్యాక చెల్లెలికి శుభవార్త చెబుదామని తలుపు తీశాను.

నడవలో ఎదురుగా చెల్లెలు. తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, భుజం మీద బిడ్డతో. నన్ను చూడగానే అటు తిరిగి నేల మీద కూలబడిపోయింది. బిడ్డ మీదికి వంగి పమిటంతా కప్పేసింది. "చూడకు అన్నయ్యా. నీకు దణ్ణం పెడతాను, చూడకు" అంటోంది. నాకు కనిపించింది దాని వీపొక్కటే. పచ్చి బాలింత అలా వంగకూడదు. ఒక చెయ్యి వెనక్కి చాచి, నన్ను పొమ్మని గాల్లో తోస్తోంది.

నేను గదిలోకి వచ్చి తలుపు మూసుకున్నాను. బల్ల మీద తొమ్మిది వాచీలూ వరసగా ఆడుతున్నాయి, అన్నీ సరైన టైముకి. వాటి వంక చూడలేకపోయాను.

తలుపు వెనక నుంచే చెప్పాను. "అమ్మలూ, వాచీ తప్పే. ఏడు నిమిషాలు ముందుంది. వాడిది రోహిణి కాదు."

అడుగుల చప్పుడైంది. తర్వాత అమ్మ గొంతు. "ఏదిరా, వాచీ ఇలా పడెయ్యి." తలుపు సందులోంచి ఇచ్చాను. అమ్మ మా ఆవిడ ఫోను పక్కన పెట్టించి చూసినట్టుంది. "సరిగ్గానే ఉంది కదరా."

"ఇప్పుడే బాగుచేశానమ్మా."

"మాకు చెప్పక ముందే బాగుచేశావా?"

 చెల్లెలు అటువైపు నుంచి ముక్కు ఎగబీలుస్తూ అంది, "అన్నయ్యా, నువ్వు నీ వాచీని తప్పన్నావంటేనే తెలుస్తోంది, నాకోసం అబద్ధం చెబుతున్నావని. నీ నోటమ్మట ఎప్పుడైనా ఆ మాట వచ్చిందా?"

రాలేదు. పదేళ్ళు నేనే కట్టిన గోడ అది. ఇప్పుడు తలుపంత కంత పెట్టాలన్నా నా వల్ల కాలేదు. ఒట్టు వేశాను. నా ఒట్లు ఎలాంటివో మా ఇంట్లో అందరికీ తెలుసు. పేకాటలో వేసినవీ, ధరల గురించి మా ఆవిడకి వేసినవీ.

ఆసుపత్రికి వెళ్ళాను. ఆ నర్సునే వెతుక్కుని క్షమాపణ చెప్పి, మీ టైమే సరైనదని మా వాళ్ళకి ఒక్కమాట ఫోనులో చెప్పండని బతిమాలాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "ఆ రోజు మా గడియారానికి బ్యాటరీ అయిపోయిందన్నారు కదండీ. అసలు బ్యాటరీ లేనిది మీదేనట కదా" అంది. పక్కనున్న ఆయమ్మలు నవ్వారు. తలవంచుకుని నిలబడ్డాను. అయినా ఆవిడ మంచిది, ఫోను చేసి చెప్పింది. అమ్మ విని, "మావాడు చెప్పమంటే చెబుతున్నావు కదమ్మా, పాపం" అందట.

పంతులుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "పంచాంగమైనా తప్పుతుంది, మీ వాచీ తప్పదన్నారు బాబూ. ఆ మాట మీదే రాశాను. ఇప్పుడు మీరే తప్పంటున్నారు. మీ రెండు మాటల్లో దేనికి విలువివ్వమంటారు? సందేహం ఉన్నచోట శాంతి చేయించుకుంటే నష్టం లేదండి" అన్నారు. 

బావగారు గూడెం నుంచి వచ్చినప్పుడు చెరువు దగ్గరికి వచ్చారు. గట్టు మీద ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. చివరికి ఆయన, "మీ చెల్లెలు సరిగ్గా తినట్లేదండీ బావగారూ. పిల్లాడు తుమ్మితే మీకు ఫోను చేసి మీరు బాగున్నారా అని అడగమంటోంది" అన్నారు. ఆ ఫోనులు నాకు వచ్చేవి. ఎందుకొస్తున్నాయో అప్పటిదాకా తెలియదు. బావగారు లేస్తూ నా చేతి వంక చూశారు. ఆయన వెళ్ళాక వాచీ విప్పి మేత బస్తా మీద పెట్టాను. పెద్ద త్యాగమేం కాదు. చేతి మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంటే సిగ్గేసి మళ్ళీ కట్టుకున్నాను.

బారసాల రోజున మా వీధి మలుపులో కారులో కూర్చున్నాను. మా ఆవిడ గిన్నెలో పరమాన్నం తెచ్చి అద్దంలోంచి ఇచ్చింది. ఇంట్లోంచి ఉయ్యాల పాట వినపడుతుంటే తిన్నాను. తీపి ఎక్కువైందని జోకు వేయబోయి మానేశాను. మా ఆవిడ, "ఏవండీ, మీరు జోకు వేయకపోతే నాకు భయంగా ఉంటుందండీ" అంది.

మళ్ళీ రోహిణి వచ్చింది. హోమం అయ్యాక పంతులుగారు నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఎదురుగా కంచు గిన్నె నిండా నువ్వులనూనె. చెల్లెలు బిడ్డని ఎత్తుకుని నా వెనక నిలబడింది. "నూనెలోకే చూడండి బాబూ, వెనక్కి తిరగకండి" అన్నారు.

వంగి చూశాను. మొదట కనిపించింది నా మొహమే, బుగ్గలు వేలాడుతూ, అంత దగ్గరగా ఎప్పుడూ చూసుకోలేదు. చెల్లెలు కొంచెం ముందుకు వంగింది. నా భుజం మీదుగా ఒక చిన్న తల నూనెలోకి వచ్చింది. వాడి కళ్ళు మూసి ఉన్నాయి. అమ్మ చెప్పింది నిజమే, నుదురు నాదే. పాపం. నూనె కదిలి మొహం చెదిరిపోయింది, మళ్ళీ కుదురుకుంది. ఎంతసేపు చూశానో తెలియదు. పంతులుగారు, "ఇక తిరగండి బాబూ" అని రెండుసార్లు అనవలసి వచ్చిందట.

తిరిగాను. చెల్లెలు బిడ్డని నా చేతుల్లో పెట్టింది.  నేను ఏడుస్తుంటే మా ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

భోజనాలయ్యాక చెల్లెలు గదిలో మంచం మీద కూర్చుని ఉంటే గడప దగ్గర కూర్చున్నాను. ఇక గండం పోయింది కదా, ఇప్పుడైనా నమ్ముతుందేమోనని అడిగాను.

"నిజం చెప్పవే. వాచీ తప్పని ఆ రోజు నేనంటే ఒక్క పిసరైనా నమ్మలేదా?"

బిడ్డకి పాలు పట్టి భుజాన వేసుకుంటూ అది నా వంక చూడకుండానే అంది, "నమ్మాను అన్నయ్యా. ఆ రాత్రే నమ్మాను, కానీ ఆ నమ్మకమే తప్పైతేనో అని భయమేసింది. నీకైతే వాచీలు తొమ్మిది, ఒకటి తప్పు నడిస్తే ఇంకోటి తీసి కట్టుకుంటావు. నాకు అన్నయ్య ఒక్కడే. ముందుకి నడిచినా, వెనక్కి నడిచినా, వాడితోనే సరిపెట్టుకోవాలి."